రజకీమణి కేథరిన్ విల్కిన్సను చరిత్రము



సభాసంచికలయందు మహనీయుల జీవితములను ప్రకటించుట మన వాడుక. ఆ వాడుక ననుసరించి యీ యేడు ఒక చరిత్రమును వ్రాసి యిమ్మని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. ముప్పదియేండ్లకు మించి బడిపిల్లలకు సంస్కృతాంధ్రములు చెప్పి విశ్రాంతి గొన్న మాకు రాజుల చరిత్రములును, కవుల చరిత్రములును వ్రాయుట క్రొత్త గాదు. కాని యీసారి మా మనస్సు అటు పోలేదు. సింహాసనము లేక, శాస్త్రపాండిత్యము లేక, ఒక కాగును నమ్ముకొని యొక మహాపట్టణమునకు ఆరోగ్యమును నేర్పిన స్త్రీ చరిత్రమును వ్రాయదలచితిమి. ఆమె మన దేశమున బుట్టినది కాదు. మన కులమున బుట్టినదియు గాదు. అయినను ఆమె చేసిన పని మన పనియే. మురికి బట్టను ఉడికించి, ఉతికి, ఆరవేసి, శుభ్రము చేసి యిచ్చుటయే ఆ పని. అందుచేత ఆమెను రజకీమణి యని పిలుచుటకు సాహసించుచున్నాము.

నేడు పురపాలక సంఘములును, పంచాయతులును ఆరోగ్యప్రబోధ మనుపేర ననేక కార్యములు చేయుచున్నవి. గోడలమీద ప్రకటనలు వ్రాయించుచున్నవి. వీథులలో బ్లీచింగు పౌడరు చల్లించుచున్నవి. నీరు కాచి త్రాగుడని చాటించుచున్నవి. ఇవి యన్నియు స్థానిక పరిపాలకుల విధులే యని మనము సహజముగా తలచుచున్నాము. రెండువందల యేండ్లక్రిందట అట్లు తలచినవారు మిక్కిలి యరుదు. పేదవాని గుడిసెలోని మురికి పేదవాని తప్పనియు, దానితో పట్టణమునకు సంబంధము లేదనియు పెద్దలు భావించుచుండిరి. ఆ భావము ఇంగ్లండు దేశమున ఒక పట్టణమందు ఎట్లు మాఱినదో, ఆ మార్పునకు ఒక బట్టలుతుకు స్త్రీ యెట్లు కారణమైనదో యీ చరిత్రమువలన తెలియును.

కేథరిన్ క్రీ. శ. 1786లో ఐర్లండు దేశమందలి లండన్‌డెర్రీ పట్టణమున జన్మించెను. పుట్టినింటి పేరు సీవార్డు. జనులు ఆమెను కిట్టీ యని ముద్దుగా పిలిచిరి. చరిత్రమునను ఆ పేరే నిలిచినది. ఆమె ఇంకను చిన్నపిల్లగా నుండగనే తల్లిదండ్రులు బిడ్డలను వెంటగొని యోడ యెక్కి లివర్పూలు పట్టణమునకు బయలుదేరిరి. మెర్సీ నది సముద్రమున గలియు తావున, గమ్యము ఎదుట నుండగా, ఓడ ఇసుకతిప్పకు దగిలి చెడిపోయెను. తండ్రియు, పసిచెల్లెలును నీట మునిగి మరణించిరి. తల్లి మిగిలిన బిడ్డలతో ఎఱుగని యూరిలో ఒడ్డున పడెను. ఏ నీరు కిట్టీ యింటిని ముంచినదో ఆ నీటిచేతనే ఆమె తరువాత వేలకొలది యిండ్లను నిలిపినది. విధివిలాసము చిత్రము గదా!

ఆ దిక్కులేని కుటుంబమునకు లైట్‌బాడీ అను వృద్ధురాలు ఆశ్రయ మిచ్చెను. ఆమె కలిమిగలది, దయగలది. పేదల యిండ్లకు బోయి రోగులను చూచుట ఆమె నిత్యకృత్యము. అట్లు పోవునపుడు ఆమె కిట్టీని గూడ వెంటబెట్టుకొని పోవుచుండెను. చీకటి గదులు, తడిసిన గోడలు, చింకి పరుపులమీద మూల్గుచున్న మనుష్యులు - ఇవి కిట్టీకి మొదటి పాఠపుస్తకములు. ధర్మము చేయుట యనగా నాణెము విసరుట గాదు, గడప దాటి లోపలికి పోవుట యని ఆ బాలిక అక్కడ నేర్చెను. ఉపాధ్యాయ వృత్తిలో జీవితమును గడపిన మేము ఈ మాటను గట్టిగా చెప్పగలము: బాల్యమున కన్నులతో చదివిన చదువు మఱపునకు రాదు.

పదునొకండు, పండ్రెండేండ్ల ప్రాయమున కిట్టీని లంకాస్టరు పట్టణమునకు సమీపమందలి కేటన్ అను గ్రామములోని ప్రత్తిమిల్లునకు పనికి బంపిరి. ఆ కాలమున పేదబిడ్డలను మిల్లులకు ఒడంబడికమీద అప్పగించుట వాడుకగా నుండెను. కొన్నియేండ్లు అక్కడ పనిచేసి, యౌవనమున అడుగిడిన పిమ్మట తల్లిని చూచుకొనుటకై మరల లివర్పూలు చేరెను. తల్లి ఆరోగ్యము చెడి, కాలక్రమమున మతిస్థిమితము కూడ తప్పెను. కిట్టీ ఆమెను విడువక కాపాడెను. తల్లీకూతుండ్రు కలసి కొంతకాలము చిన్నబడి నడపిరి.

1812లో కిట్టీ డెమాంటీ యను ఫ్రెంచి నావికుని వివాహమాడెను. ఇద్దరు బిడ్డలు కలిగిరి. కాని ఆ సంసారము నిలువలేదు. భర్త సముద్రమున మరణించెను. తండ్రిని మ్రింగిన కడలియే భర్తనుగూడ మ్రింగినది. చేత పసిబిడ్డలు, ఇంట మతిచెడిన తల్లి. మేకులు చేయు కర్మాగారమున పనిచేసి, ఇండ్లలో దాసీపని చేసి, దొరికిన ప్రతి కూలిని చేసి ఆమె వారిని పోషించెను. ఆ దశలో ఆమెకు మాంగిల్ అను యంత్రము ఒకటి దానముగా లభించెను. రెండు కొయ్యదిమ్మెల నడుమ తడిబట్టను పెట్టి త్రిప్పినచో నీరు కారి బట్ట మడత నిలిచి నునుపెక్కును. అదియే ఆ యంత్రము. నాటినుండి బట్టలు ఉతుకుట, మాంగిల్ పట్టుట ఆమెకు జీవనాధార మయ్యెను. ఆ కొద్ది సంపాదనలోనే ఆమె తల్లిదండ్రులు లేని పిల్లలను తన యింటికి దెచ్చి పెంచుచుండెను. తనకే చాలనివాడు ఇతరులకు పెట్టుట కల్పవృక్షము ఫలమిచ్చుటకంటె గొప్ప యని మా యభిప్రాయము.

1823లో ఆమె థామస్ విల్కిన్సనును పునర్వివాహము చేసికొనెను. ఆతడు కేటన్ మిల్లునాటి పరిచితుడు. ఈ నాటికి లివర్పూలునందు రాత్‌బోన్ అను వర్తకుల ప్రత్తిగిడ్డంగిలో కూలివాడు. భార్య యింటికి దెచ్చిన అనాథులను తన బిడ్డలుగ చూచుకొనెను. ధర్మకార్యమున సహధర్మచారిణి యను మాట మనము స్త్రీకే వాడుచుందుము. ఈ పురుషుడు నిజమైన సహధర్మచారి.

ఇక నాటి పట్టణస్థితిని కొంత తెలుపవలసియున్నది. లివర్పూలు ఇంగ్లండునకు పడమటి ద్వారము. అమెరికా ప్రత్తి అక్కడ దిగుచుండెను. ఐర్లండు పేదలును అక్కడనే దిగుచుండిరి. 1831 నాటికి పట్టణ జనాభా సుమారు 1,65,000. నౌకాశ్రయములు పెరిగినంత వేగముగా ఇండ్లు పెరుగలేదు. ఇఱుకు సందులలో, గాలి చొఱని ప్రాంగణముల చుట్టు, భూమిక్రింద త్రవ్విన నేలమాళిగలలో వేలాది కుటుంబములు కాపురముండెను. మరుగుదొడ్లు కొలదిగ నుండెను. నీటిని ప్రైవేటు కంపెనీలు అమ్ముచుండెను. అదియు కొద్ది గంటలు మాత్రమే వచ్చుచుండెను. ఒకే గదిలో వంట, పడక, పురుడు, చావు జరుగు చోట బట్ట లుతుకుట యెట్లు? కాచుటకు పాత్ర లేదు, పాత్ర యున్నను బొగ్గు లేదు, బొగ్గున్నను ఆరవేయ జాగా లేదు. మురికిగా నుండుట వారి స్వభావ మని ధనికులు అనుకొనుచుండిరి. అది స్వభావము గాదు, సాధనలోపము. ఈ రెంటికిగల భేదమును గుర్తించుటయే ఈ చరిత్రమునకు ప్రాణము.

1817లో మన వంగదేశమున ప్రబలిన కలరా దేశములు దాటి, 1831లో ఇంగ్లండు తీరమందలి సండర్లండు రేవును ముట్టెను. మరుసటి సంవత్సరము లివర్పూలు మీద పడెను. 1832లో ఆ పట్టణమున సుమారు 5,000 మందికి జాడ్యము సోకి, 1,523 మంది మరణించిరి. పరిపాలకులు ఆసుపత్రులు తెఱచిరి, వైద్యులను నియమించిరి. కాని పేదలు వారిని నమ్మలేదు. వైద్యులు రోగులను ఆసుపత్రికి గొంపోయి, చంపి, శవములను కోసి పరీక్షింతురని వదంతి పుట్టెను. ఆ వదంతికి మూలము లేకపోలేదు. 1826లో ఆ రేవుననే పీపాలలో దాచి యెగుమతికి సిద్ధపఱచిన 33 శవములు బయటపడియుండెను. కావున 1832 వేసవిలో జనులు గుంపులుగా చేరి, రోగులను మోయు పల్లకీలను అడ్డగించి, వైద్యులమీద రాళ్లు రువ్విరి. కొద్దిదినములలో ఎనిమిది పర్యాయములు అల్లరులు జరిగెను. ఔషధ మున్నది, తీసికొనువాడు లేడు. ఉపదేశ మున్నది, వినువాడు లేడు. అధికారియందు విశ్వాసము నశించినచోట ఆరోగ్యశాస్త్రము ఎంత గొప్పదైనను నిష్ఫలము.

ఆ సమయమున కిట్టీ డెనిసన్ వీథిలో కాపురముండెను. ఆ వాడలో బట్టలు ఉడికించు కాగు ఆమె వంటయింటిలో మాత్రమే యుండెను. కలరా రోగి వాంతులతోను, విరేచనములతోను తడిసిన దుప్పట్లను, పరుపుగుడ్డలను ఏమి చేయవలెనో తెలియక యిరుగుపొరుగువారు తల్లడిల్లుచుండిరి. కిట్టీ తన వంటయింటి తలుపు తెఱచెను. ఎవరైనను వచ్చి, తన కాగులో బట్టలు ఉడికించుకొని, పెరటిలో ఆరవేసికొనవచ్చునని తెలిపెను. నీటికిని, బొగ్గునకును గాను వారమునకు ఇంటికి ఒక పెన్నీ మాత్రము గైకొనెను. భిక్షగా నిచ్చినచో అభిమానవంతులు రారు. ఎక్కువ యడిగినచో బీదలు రాలేరు. ఒక పెన్నీ యను నియమము పేదల యభిమానమును, పేదల సంచిని రెంటిని కాపాడెను. పరిపాలనాశాస్త్రమును చదువని యాస్త్రీకి ఈ సూక్ష్మము తెలియుట ఆశ్చర్యము.

వచ్చినవారికి ఆమె ఉపన్యాసము చేయలేదు. చేతులతో చేసి చూపెను. బట్టను కాచుట, సున్నముతో గూర్చిన క్లోరైడు పొడిని నీట గలిపి నానబెట్టుట, ఆరవేయుట నేర్పెను. ఆ పొడియే మనము నేడు బ్లీచింగు పౌడరు అనునది. దానిని గూర్చి మన కులస్థులు తెలిసికొనదగిన విశేష మొకటి కలదు. 1799లో స్కాట్లండునందు చార్లెస్ టెన్నెంటు దీనికి అధికారపత్రము పొందినది వ్యాధులను పోగొట్టుటకు గాదు, బట్టలను తెల్లపఱచుటకు. అనగా నేడు పురపాలక సంఘము బావులలో కలుపునది, వీథులలో చల్లునది మొదట బట్టల తెలుపుకొఱకు బుట్టినదే. చాకిరేవునుండి ఆరోగ్యశాఖకు బోయిన ద్రవ్య మది.

ఈ పనివలన జాడ్య మెందుకు తగ్గునో నాడు ఎవరికిని సరిగా తెలియదు. దుర్గంధమే వ్యాధికి కారణమని వైద్యులు సైతము నమ్ముచుండిరి. 1854లో లండనునందు జాన్ స్నో యను వైద్యుడు కలరా త్రాగునీటిద్వారా వ్యాపించునని చూపెను. 1884లో రాబర్టు కాక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు మన కలకత్తాలో పరిశోధించి, దానికి కారణమైన సూక్ష్మజీవిని రూఢిపఱచెను. రోగి మలమునందును, వాంతియందును ఆ జీవి యుండును. తడిసిన బట్టను ముట్టిన చేతినుండి నోటికి చేరును. ఆ బట్టను జాడించిన నీటినుండి ఊరికంతటికి చేరును. మరుగు నీటిలో చచ్చును, క్లోరైడు పొడికి చచ్చును, ఆఱిన బట్టపై బ్రతుకజాలదు. అనగా కాక్ పండితుడు కారణమును కనుగొనుటకు అర్ధశతాబ్దము ముందే కిట్టీ కాగు కార్యమును నిర్వహించెను.

ఇచట మా యింటి సంగతి యొకటి చెప్పుటకు చదువరులు మన్నింతురుగాక. మా బాల్యమున మా నాయనమ్మ పురిటిబట్టలను, వాంతిభేదులు సోకిన యింటి బట్టలను మిగిలిన మూటలతో గలుపక, వేఱుగ బానలో ఉబ్బకు వేయుచుండెను. త్రాగునీటి చెఱువు దరికి వానిని రానిచ్చెడిది కాదు. కారణ మడిగినచో పెద్దల ఆచార మనెడిది. ఆ వయస్సున మేము దానిని మూఢాచార మని తలచితిమి. కిట్టీ చరిత్రమును చదివినపిమ్మట మా తలపునకు మేమే సిగ్గుపడితిమి.

కిట్టీ కాగునొద్దనే ఆగలేదు. జబ్బుపడినవారికి గంజి కాచి పంపెను. తల్లులు మరణించినవారి బిడ్డలు, తల్లులు రోగులై యున్నవారి బిడ్డలు వీథులవెంట తిరుగుచుండుట చూచి, వారిని ప్రతి ఉదయము తన పడకగదిలో కూర్చుండబెట్టి కథలు చెప్పుచు, పాటలు నేర్పుచుండెను. ఆ గుంపునుండియే యొక శిశుపాఠశాల యేర్పడెను. పొరుగువారి సంఖ్య హెచ్చి వంటయిల్లు చాలకపోగా పని నేలమాళిగకు విస్తరించెను. డిస్ట్రిక్టు ప్రావిడెంటు సొసైటీ యను ధర్మసంఘమును, థామసు యజమానులలో నొకడైన విలియం రాత్‌బోనును ధనసాహాయ్యము చేసిరి. గిడ్డంగి కూలివాని భార్య చేయుచున్న పని గొప్పదని గుర్తించి, దానిని పట్టణపు పెద్దలకు తెలుపుటలో రాత్‌బోన్ వంశము చేసిన మేలు మఱువరానిది. దాతయనువాడు తాను దీపము గాకున్నను దీపమునకు చమురు గావలెను. మన సభకు పోషకులైనవారు ఈ వాక్యమును మనస్సున నుంచుకొందురుగాక.

కలరా శాంతించెను. సాధారణముగ జాడ్యము పోయినపిమ్మట జనులు దానిని మఱతురు. కిట్టీ మఱువలేదు. తన వంటయింటిలో జరిగినది పట్టణమంతట జరుగవలెననియు, పేదలు బట్టలుతుకుకొనుటకును, స్నానము చేయుటకును శాలలు ఉండవలెననియు ఆమెయు, రాత్‌బోనును పట్టుదలతో కోరుచుండిరి. 1835లో ఇంగ్లండునందు పురపాలక సంస్కరణ చట్టము వచ్చెను. దానితో పన్ను చెల్లించువారు ఎన్నుకొనిన సభలు పట్టణములకు ఏర్పడెను. 1837లో రాత్‌బోను లివర్పూలు మేయరయ్యెను. తుదకు 1842లో ఫ్రెడరిక్ వీథియందు పురపాలక సంఘము తన సొంత ఖర్చుతో స్నానశాలను, ఉతుకుశాలను కలిపి కట్టించి తెఱచెను. ఆ దేశమున అట్టి శాలలలో ఇది మొదటిది.

అదే సంవత్సరము ఎడ్విన్ చాడ్విక్ శ్రామికుల ఆరోగ్యస్థితిని గూర్చి వ్రాసిన నివేదిక వెలువడెను. లివర్పూలునందు మరణించినవారి సగటు వయస్సు గొప్పకుటుంబములలో 35 ఏండ్లు, వర్తకులలో 22, కూలివారిలో 15 అని అందు లెక్క చూపబడినది. పసిబిడ్డల చావులు ఎక్కువైనందున సగటు ఇంతగా దిగినది. అయినను ఒకే పట్టణమున, ఒకే గాలి పీల్చుచు, ఒక వర్గమునకు 35, ఒక వర్గమునకు 15 అనుట యెంతటి దారుణము! ఆ యంతరమును పూడ్చుట ఉపదేశములవలన కాదని పరిపాలకులకు అప్పుడప్పుడే తెలియుచుండెను.

1846లో పార్లమెంటు స్నానశాలల, ఉతుకుశాలల చట్టమును గావించెను. స్థానికసంఘములు పన్నుల సొమ్ముతో ఇట్టి శాలలు కట్టవచ్చుననియు, పేదలవద్ద చన్నీటి స్నానమునకు ఒక పెన్నీ, వేడినీటి స్నానమునకు రెండు పెన్నీలకు మించి తీసికొనరాదనియు నియమించెను. ఆ చట్టము బలవంతము చేయలేదు, అనుమతి మాత్ర మిచ్చెను. అయినను పట్టణము వెంబడి పట్టణము ఈ శాలలను కట్టెను. కిట్టీ వంటయింటిలోని పెన్నీ నియమము శాసనగ్రంథమునకెక్కినదని చెప్పినచో అతిశయోక్తి గానేరదు. ఒక్క కిట్టీవలననే ఆ చట్టము వచ్చెనని మేము చెప్పము. పలువురు వైద్యులు, సంస్కర్తలు దానికై పాటుపడిరి. కాని వారు వాదించునపుడు చేతితో చూపుటకు ఒక నిదర్శనము కావలసి వచ్చెను. ఆ నిదర్శనము లివర్పూలునందుండెను.

ఆ 1846లోనే కిట్టీయు, థామసును ఫ్రెడరిక్ వీథి శాలకు పర్యవేక్షకులుగా నియుక్తులైరి. ప్రత్తిమిల్లులో పనిచేసిన బాలిక పురపాలక సంఘపు ఉద్యోగిని యయ్యెను. ఆ యేడే విక్టోరియా రాణి పేరను, లివర్పూలు స్త్రీల పేరను ఆమెకొక వెండి తేనీటి పాత్ర బహూకరింపబడెను. రాణి పంపిన వెండిపాత్రకంటె ఆమె వంటయింటి కాగే గొప్పదని మేము తలతుము.

మరుసటియేడు, 1847 జనవరిలో, లివర్పూలు పురపాలక సంఘము డాక్టరు విలియం హెన్రీ డంకనును ఆరోగ్యాధికారిగ నియమించెను. ఇంగ్లండునందు పట్టణమునకు ఆరోగ్యాధికారి యుండుట అదియే ప్రథమము. ఆ యేడే ఐర్లండు కఱవునుండి పారిపోయి సుమారు మూడు లక్షలమంది లివర్పూలున దిగిరి. వారితో విషజ్వరమును దిగెను. చిన్ననాడు తానును అట్లే ఐర్లండునుండి వచ్చి దిక్కులేక ఒడ్డున పడిన కిట్టీ తన అరువదియవ యేట ఆ బీదల బట్టలను శుభ్రపఱచు శాలకు పెద్దగా నుండుట దైవసంకల్ప మని తోచును. తరువాత నీటి వ్యాపారమును కంపెనీలనుండి పట్టణమే గైకొనెను. 1857 నాటికి రివింగ్టను జలాశయమునుండి నీరు పట్టణమునకు వచ్చెను. ఉతుకుశాల, ఆరోగ్యాధికారి, నీటిసరఫరా - ఈ మూడును నేటి స్థానిక ఆరోగ్యపరిపాలనకు మూడు కాళ్లు. అందులో మొదటి కాలు ఒక స్త్రీ వంటయింటినుండి వచ్చినది.

1848లో థామసు మరణించెను. కిట్టీ పండ్రెండేండ్లు ఒంటరిగా జీవించి, 1860 నవంబరు 11వ తేదీని పరమపదించెను. ఆమెను సెయింట్ జేమ్సు శ్మశానవాటికలో సమాధి చేసిరి. ఆ శ్మశానము ప్రక్కనే తరువాత నిర్మింపబడిన మహాదేవాలయమునందు ఉత్తమస్త్రీల రూపములు చిత్రించిన గాజుకిటికీలలో ఆమె రూపమును గలదు. ఆ పట్టణమందలి సెయింట్ జార్జి భవనమున మంత్రులు, మతగురువులు మొదలగు మహాపురుషుల పాలరాతి విగ్రహములు మాత్రమే యుండెను. 2012లో అక్కడ మొదటిసారిగ ఒక స్త్రీ విగ్రహము ప్రతిష్ఠింపబడెను. ఆ స్త్రీ బట్టలుతికిన కిట్టీ విల్కిన్సను.

ఈ విగ్రహపు వార్త చదివిననాడు మాకు బడిలో జరిగిన యొక సంగతి జ్ఞాపకమునకు వచ్చెను. చిన్నతరగతిలో ఉపాధ్యాయుడు మా తండ్రి వృత్తి యేమని యడుగగా మేము వ్యవసాయ మని చెప్పితిమి. మాకు సెంటు భూమియైనను లేదు. ఆ నాడు సాయంకాలము మా తండ్రి రేవునుండి నెత్తిన మూటతో బడి ముందునుండి పోవుచు మమ్ము పిలిచెను. మేము విననట్లు నటించితిమి. ఆయన యిప్పుడు లేడు. ఆ యబద్ధమును సరిదిద్దుకొనుటకు మాకు మిగిలిన తావు ఈ పుటయే.

ఇక కిట్టీ చరిత్రమునుండి మనము గ్రహింపదగినవి మూడు. మొదటిది: ఆరోగ్యబోధ నోటిమాటగా నుండరాదు. చేతులు కడుగుకొను మని చెప్పువాడు ముందుగా నీటిని చూపవలెను. బట్టలు కాచు మనువాడు కాగును, కట్టెలను చూపవలెను. మన తెలుగునేలలోను పురపాలనము పురాతనమే. భీమునిపట్టణమునకు 1861లోనే పురపాలక సంఘ మేర్పడినది. 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టము వచ్చినపుడు నీరు, మురుగు, అంటువ్యాధులు స్థానికసంఘముల విధులని స్పష్టమయ్యెను. చట్టము విధిని చెప్పును. విధి గడపదాటి లోపలికి రావలెను.

రెండవది: బోధించువాడు ఆ వాడవాడై యుండవలెను. రాళ్లు రువ్విన జనులే కిట్టీ తలుపు తట్టిరి. కారణము స్పష్టము. ఆమె వారికి పైనుండి దిగివచ్చిన అధికారిణి గాదు. పిల్లలకు జబ్బు చేసినపుడు రాత్రివేళ పిలిచిన పలుకు పొరుగింటి అమ్మ. మన కులస్త్రీలు ఊరిలోని ప్రతి గడప నెఱిగినవారు. పురుడు మొదలు చావువరకు ప్రతి యింటి బట్టయు వారి చేతిమీదుగా పోయినదే. ఆరోగ్యకార్యకర్తలను నియమించు స్థానికసంఘములు ఈ పరిచయమును గొప్ప యర్హతగా గ్రహింపవలెనని మా మనవి.

మూడవది మనలో మనము చెప్పుకొనవలసినది. ఇతరుల మైల నెత్తునవానికి ఆ మైలనుండి ప్రమాదము కలదు. ఆసుపత్రి బట్టలు, రోగుల బట్టలు ఉతుకువారు చేతితొడుగులు లేక, వేడినీరు లేక, వట్టి చేతులతో ముట్టుట నేటికిని కలదు. రేవులయందు కాగులు, శుభ్రమైన నీరు, సబ్బు, చేతితొడుగులు కల్పింపుడని పురపాలక సంఘములను కోరుట దయ నర్థించుట గాదు. లోకమున పురపాలక ఆరోగ్యసేవకు పునాదిరాయి వేసిన పనికి దక్కవలసిన హక్కు అది. దాతలైనవారు ఒక్కొక్క రేవున ఒక్కొక్క కాగు పెట్టించినను కిట్టీకి విగ్రహ మెత్తించినంత ఫలము.

చివరగా మా విద్యకు సంబంధించిన మాట యొకటి చెప్పి విరమింతుము. అమరకోశమున రజకునికి నిర్ణేజకు డను పర్యాయపదము కలదు. అది నిజ్ అను ధాతువునుండి వచ్చినది. ఆ ధాతువునకు పాణినీయ ధాతుపాఠమున శౌచము, పోషణము అని రెండర్థములు చెప్పబడినవి. శుద్ధి చేయుటయు, పోషించుటయు ఒకే ధాతువునం దిమిడియుండుట మేము పిల్లలకు ఎన్నోమార్లు చెప్పితిమిగాని, దాని భావము మాకు కిట్టీ చరిత్రమువలననే తెలిసినది. ఆమె కాగులో బట్టలు శుద్ధియైనవి, ఆ కాగువలననే బిడ్డలు బ్రతికిరి. మన పేరుననే ఆ రెండు ధర్మములు గలవు. ఇకమీద మన బిడ్డలు బడిలో తండ్రి వృత్తి నడిగినపుడు తలయెత్తి చెప్పుదురుగాక.